సొల్యూషన్, వైట్‌నర్, థిన్నర్: పిల్లలు పీల్చే మత్తులో పడితే గుర్తుపట్టడం ఎలా? తల్లిదండ్రులు ఏం చేయాలి?

ఎచ్చెర్ల: ఉత్తరాంధ్రలో మత్తు అనగానే అందరికీ గుర్తొచ్చేది గంజాయే. ఏజెన్సీ నుంచి దిగడం, హైవే మీద పోలీసులు పట్టుకోవడం, మర్నాడు పేపర్లో ఫొటో రావడం మనకి అలవాటైపోయింది. అందుకే పిల్లాడి మీద అనుమానం వచ్చిన తల్లిదండ్రులు జేబులో పొట్లం ఉందా, నోట్లో సిగరెట్ వాసన ఉందా అనే చూస్తారు. ఏమీ దొరక్కపోతే అల్‌హందులిల్లాహ్ అనుకుని ఊరుకుంటారు.

కానీ పొట్లం, పొగ ఏవీ లేకుండా కొద్ది రూపాయలకే దొరికే మత్తు ఇంకొకటి ఉంది. అది పంచర్ సొల్యూషన్ ట్యూబులో ఉంటుంది, పెయింట్‌లో కలిపే థిన్నర్‌లో ఉంటుంది, స్కూలు బ్యాగులోని వైట్‌నర్‌లో ఉంటుంది. గుడ్డ మీద వేసుకునో, కవర్లో పోసుకునో గట్టిగా పీలిస్తే చాలు. వీటిని ఇంగ్లిషులో ఇన్‌హేలెంట్స్ అంటారు, అంటే పీల్చే మత్తు పదార్థాలు.

ఇది పిల్లల మత్తు

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు దేశమంతా సర్వే చేసి 2019లో రిపోర్టు ఇచ్చారు. మద్యం, గంజాయి, నల్లమందు లాంటి అన్నింటిలోనూ పెద్దవాళ్లే ఎక్కువ. పెద్దవాళ్లకంటే పిల్లల్లో వాడకం శాతం ఎక్కువగా ఉన్నది పీల్చే మత్తు ఒక్కటే. పెద్దవాళ్లలో 0.58 శాతం వాడుతుంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం వాడుతున్నారు. వైద్య సాయం అవసరమయ్యే స్థాయికి చేరిన పిల్లలే దేశంలో సుమారు 4.6 లక్షల మంది ఉంటారని ఆ రిపోర్టు అంచనా.

అంతకుముందు జాతీయ బాలల హక్కుల కమిషన్ కోసం 2013లో ఇంకో అధ్యయనం వచ్చింది. 135 ఊళ్లలో ఏదో ఒక మత్తుకి అలవాటుపడిన 4,024 మంది పిల్లలతో మాట్లాడారు. మద్యం మొదలుపెట్టిన సగటు వయసు 13.6 ఏళ్లు కాగా, పీల్చే మత్తు మొదలుపెట్టిన సగటు వయసు 12.4 ఏళ్లు. అంటే ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు. మీసం రాని పిల్లాడికి మత్తేంటి అని మనం అనుకునే వయసులోనే ఇది మొదలవుతోంది.

విజయవాడ, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ల దగ్గర ఇళ్లు వదిలొచ్చిన పిల్లలు ఆకలి తెలీకుండా ఉండటానికి సొల్యూషన్, వైట్‌నర్ పీల్చడం ఏళ్లుగా ఉన్న సమస్య. హైదరాబాద్ పాతబస్తీలో వైట్‌నర్ మత్తు అన్న మాట వార్తల్లో తరచూ వినిపిస్తుంది. అది వీధి పిల్లల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. ఇంట్లో మూడు పూటలా తిని, స్కూలుకి వెళ్లే పిల్లలు కూడా సరదాకో, ఫ్రెండ్స్ రెచ్చగొడితేనో ఇందులోకి దిగుతారు.

మన ఇళ్లకి ఎందుకు దగ్గరి విషయం?

ఇది చదివేవాళ్లలో చాలామంది ఇళ్లలో పంచర్ షాపో, మెకానిక్ షెడ్డో, పెయింటింగ్ పనో, సోఫా కుషన్ వర్కో, చెప్పుల షాపో ఉంటుంది. చిలకపాలెం నుంచి శ్రీకాకుళం వైపు హైవే వెంట వెళ్తే ఇలాంటి షాపులు కనిపిస్తూనే ఉంటాయి. అంబేద్కర్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ఉన్న ఎచ్చెర్లలో జిరాక్స్, స్టేషనరీ షాపులకీ కొదవ లేదు. ఇవన్నీ హలాల్ సంపాదన ఉన్న పనులు. తప్పు పనిది కాదు. కానీ సొల్యూషన్ డబ్బా, థిన్నర్ సీసా, పెట్రోలు క్యాను మన పిల్లలకి మంచినీళ్ల సీసా అంత దగ్గరగా ఉంటాయన్నది నిజం. సెలవుల్లో అబ్బా షాపులో కూర్చునే పిల్లాడికి వాటిని కొనే అవసరం కూడా ఉండదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఈ మత్తుకి మొదటి గుర్తు వాసన అని డాక్టర్లు చెబుతారు. కానీ మెకానిక్ ఇంట్లో, పెయింటర్ ఇంట్లో ఆ వాసన రోజూ ఉండేదే. తండ్రి బట్టలకీ అదే, కొడుకు బట్టలకీ అదే. ఎవరు పట్టించుకుంటారు? అలాంటి ఇళ్లలో ఈ తేడాలు చూడండి:

- పని చేసినవాడి వాసన చేతులకీ, ప్యాంటుకీ ఉంటుంది. పీల్చినవాడి వాసన ఊపిరిలో, చొక్కా కాలర్‌లో, చేతి మడత దగ్గర, కర్చీఫ్‌లో ఉంటుంది.
- షాపుకి వెళ్లని రోజు, స్కూలు నుంచి వచ్చిన సాయంత్రం కూడా ఆ వాసన ఉందంటే అనుమానించాలి.
- పంచర్ల లెక్కకీ ట్యూబుల లెక్కకీ పొంతన కుదరకపోవడం, థిన్నర్ సీసా తొందరగా ఖాళీ అవ్వడం.
- జేబులోనో, పరుపు కిందో, బాత్రూంలోనో మడతపెట్టిన గుడ్డ పేలిక, లోపల జిగురు ఎండిపోయిన పాలిథీన్ కవరు దొరకడం.
- ఆపి ఉన్న బండి ట్యాంకు మూత తీసి దాని దగ్గరే తచ్చాడటం.

మూసిన షెడ్డులో రోజంతా పెయింట్ కొట్టి తల తిరిగితే అది మత్తు అలవాటు కాదు. కానీ అదీ ఒంటికి మంచిది కాదు. పనిచేసే చోట గాలి ఆడాలి, చిన్న పిల్లల్ని అలాంటి చోట కూర్చోబెట్టకూడదు.

ఏయే వస్తువులు?

పంచర్ సొల్యూషన్, చెప్పులకీ రెగ్జిన్‌కీ వాడే రబ్బరు జిగురు, పెయింట్ థిన్నర్, పెట్రోలు, వైట్‌నర్, నెయిల్ పాలిష్ రిమూవర్, స్ప్రే పెయింట్, డియోడరెంట్ స్ప్రేలు, సిగరెట్ లైటర్‌లో నింపే గ్యాసు. జిగురులోనూ థిన్నర్‌లోనూ ఎక్కువగా టోలీన్ అనే రసాయనం ఉంటుంది. లైటర్ గ్యాసులో బ్యూటేన్ ఉంటుంది. ఈ జాబితాలో సగం ఆడపిల్లల గదిలో కూడా ఉండేవే. మా అమ్మాయి అలా చేయదులే అని కళ్లు మూసుకోవద్దు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

పీల్చిన ఆవిరి ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలో కలిసి, కొన్ని సెకన్లలో మెదడుకి చేరుతుంది. తాగినవాడిలా తేలిపోతున్నట్టు ఉంటుంది, మాట తడబడుతుంది, నడక తూలుతుంది. కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఈ మత్తు ఎక్కువసేపు ఉండదు, కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ పీలుస్తారు. అమ్మీ బజారుకి వెళ్లొచ్చేలోపు మత్తు ఎక్కడం, దిగడం రెండూ అయిపోతాయి. ఇంట్లో తెలియకపోవడానికి ఇదే పెద్ద కారణం.

నెలల తరబడి సాగితే మెదడులోని నరాల పైపొర దెబ్బతింటుంది. జ్ఞాపకశక్తి తగ్గుతుంది, చేతులు వణుకుతాయి, నడకలో నిలకడ పోతుంది. టోలీన్ వల్ల కిడ్నీలు దెబ్బతిని, రక్తంలో పొటాషియం పడిపోయి, కాళ్లు చేతులు లేవలేని స్థితి వస్తుంది. జిగురులో ఉండే హెక్సేన్ వల్ల కాళ్ల నరాలు మొద్దుబారతాయి. చెవుడు రావచ్చు. పెట్రోలులోని బెంజీన్ రక్తం తయారయ్యే ఎముక మజ్జకే హాని చేస్తుంది.

అన్నిటికంటే భయంకరమైనది ఇంకొకటి. ఈ ఆవిరి, ముఖ్యంగా బ్యూటేన్ గ్యాసు, స్ప్రేలు, గుండెని అడ్రినలిన్‌కి అతిగా స్పందించేలా చేస్తాయి. అడ్రినలిన్ అంటే మనం భయపడినప్పుడు, పరిగెత్తినప్పుడు ఒంట్లో ఊరే హార్మోను. మత్తులో ఉన్న పిల్లాడు ఒక్కసారిగా హడలిపోతే గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. 1970లో అమెరికాలో మిల్లార్డ్ బాస్ అనే డాక్టరు ఇలా హఠాత్తుగా చనిపోయిన 110 మంది కుర్రాళ్ల వివరాలు ప్రచురించాక ప్రపంచానికి ఈ సంగతి బాగా తెలిసింది. ఇలాంటి చావు మొదటిసారి పీల్చినప్పుడు కూడా రావచ్చు. ఒక్కసారే కదా అన్న మాట ఇందులో చెల్లదు.

మిగతా గుర్తులు

- ముక్కు, నోటి చుట్టూ ఎర్రటి దద్దుర్లు, పుండ్లు. ముక్కు కారుతూ ఉండటం, కళ్లు ఎర్రబడటం.
- వేళ్ల మీద, ముక్కు దగ్గర, బట్టల మీద తెల్లటి లేదా రంగు మరకలు.
- అన్నం సయించకపోవడం, వాంతులు, తలనొప్పి, బరువు తగ్గడం.
- ఉన్నట్టుండి నవ్వడం, ఉన్నట్టుండి కోపం, తర్వాత మొద్దు నిద్ర.
- రాయడానికి వాడకపోయినా వైట్‌నర్ కావాలని పదేపదే డబ్బులు అడగడం.
- పాత స్నేహితుల్ని వదిలేయడం, స్కూలు ఎగ్గొట్టడం, తలుపేసుకుని ఎక్కువసేపు ఉండటం.

ఇందులో ఒక్కటి కనిపించగానే పిల్లాడు చెడిపోయాడని తేల్చేయకండి. జలుబుకీ ముక్కు కారుతుంది, ఆ వయసులో కోపమూ మామూలే. మూడు నాలుగు కలిసి, పదే పదే కనిపిస్తే అప్పుడు గట్టిగా ఆలోచించాలి. మెడికల్ షాపులో కిట్టు కొని యూరిన్ టెస్ట్ చేసి, ఏమీ లేదని ధీమాగా ఉండొద్దు. మామూలు డ్రగ్స్ కిట్లలో సొల్యూషన్, థిన్నర్ బయటపడవు.

తనలో తాను మాట్లాడుకోవడం, లేనివి కనిపిస్తున్నాయనడం చూసి కొంతమంది గాలి సోకిందనుకుంటారు. తావీజు కట్టించి, దర్గాకి తీసుకెళ్లి ఊరుకుంటారు. దుఆ చేయించండి, ఎవరూ వద్దనరు. కానీ డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి.

పీలుస్తుండగా చూస్తే ఏం చేయాలి?

చాలామంది తండ్రులు తప్పు చేసేది ఇక్కడే. చూడగానే అరుస్తారు, చెయ్యెత్తుతారు, పారిపోతుంటే వెంటపడతారు. పైన చెప్పిన గుండె సంగతి గుర్తుంచుకోండి. మత్తులో ఉన్నవాడిని తరమడం వాడి ప్రాణం మీదికి తెస్తుంది.

1. అరవొద్దు, కొట్టొద్దు, పరిగెత్తించొద్దు. మెల్లగా పేరు పెట్టి పిలవండి.
2. చేతిలోని గుడ్డ, కవరు నెమ్మదిగా తీసేయండి. తలుపులు, కిటికీలు తీయండి, లేదా గాలి ఆడే చోటికి తీసుకురండి.
3. దగ్గర్లో అగ్గిపుల్ల, స్టవ్, సిగరెట్ ఏదీ వెలిగించొద్దు. ఈ ఆవిరి భగ్గున అంటుకుంటుంది.
4. కూర్చోబెట్టండి. నిద్రమత్తుగా ఉంటే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా పడుకుని వాంతి చేసుకుంటే అది ఊపిరి గొట్టంలోకి పోయి ప్రాణం తీస్తుంది. మజ్జిగ, నిమ్మరసం లాంటివి తాగించవద్దు.
5. స్పృహ లేకపోయినా, ఫిట్స్ వచ్చినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆగితే, వచ్చినవాళ్లు గుండె మీద నొక్కుతూ సీపీఆర్ చేయాలి. ఏ వస్తువు పీల్చాడో డాక్టరుకి దాచకుండా చెప్పండి, వీలైతే ఆ ట్యూబు చూపించండి.

తర్వాత ఎలా మాట్లాడాలి?

మత్తు పూర్తిగా దిగాక, మర్నాడు, ఇంట్లో నలుగురూ లేనప్పుడు మాట్లాడండి. మామూలు మాటల్లో చెప్పండి: 'బేటా, నీ చొక్కాకి సొల్యూషన్ వాసన వచ్చింది. పరుపు కింద గుడ్డ చూశాను. కొట్టడానికి అడగట్లేదు. నాకు భయమేసి అడుగుతున్నాను.' ఆ తర్వాత మీరు ఆగి, వాడిని మాట్లాడనివ్వండి.

పిల్లలు సాధారణంగా చెప్పేవి మూడు. ఒక్కసారే అంటారు. ఫలానా వాడిచ్చాడంటారు. ఇది షరాబ్ కాదు కదా, హరామ్ ఎలా అవుతుంది అంటారు. మూడో మాటకి జవాబు మన దగ్గరే ఉంది. మత్తెక్కించేది ఏదైనా ఒకటేనని, సీసా మీద ఏ పేరు రాసుందన్నది లెక్క కాదని మన పిల్లలకి మదర్సాలో చెప్పినదే. అది గుర్తుచేయండి. కానీ గునాహ్ అనే మాటతోనే మొదలుపెట్టి, దాంతోనే ముగిస్తే పిల్లాడు నోరు మూసుకుంటాడు. తౌబా తలుపు తెరిచే ఉందని కూడా అదే నోటితో చెప్పాలి.

ఎవరితో, ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి అన్నది తెలుసుకోండి. చదువు భయమా, స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఇంట్లో గొడవలా, ఎవరైనా పెద్దవాడు ఇబ్బంది పెడుతున్నాడా అన్నది కూడా కనుక్కోవాలి. కారణం అలాగే ఉంటే సొల్యూషన్ మానిపించినా ఇంకోటి మొదలవుతుంది.

ఇజ్జత్ పోతుందని దాచొద్దు

మొహల్లాలో తెలిస్తే పరువు పోతుందని, రేపు చెల్లెలికి సంబంధం రాదని చాలా ఇళ్లలో దాస్తారు. స్కూలు మాన్పించి వేరే ఊళ్లో మామూ దగ్గరికో, చాచా షెడ్డుకో పంపేస్తారు. ఆ షెడ్డులో ఉండేది మళ్లీ అదే సొల్యూషన్. పైగా చదువు పోతుంది, పర్యవేక్షణ పోతుంది. ఆరు నెలల ముందు డాక్టరు దగ్గర తేలిపోయే విషయం ఆసుపత్రి మంచం దాకా వస్తుంది.

ఈ అలవాటుని పోగొట్టే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. కౌన్సెలింగ్, కుటుంబం తోడు, రోజువారీ పనిలో మార్పు, ఇవే ప్రధాన చికిత్స. నిద్ర పట్టకపోయినా, దిగులు ఉన్నా డాక్టరు వాటికి మందులిస్తారు. మానేసిన మొదటి రోజుల్లో చిరాకు, చెమటలు, వికారం ఉండొచ్చు. మళ్లీ ఒకసారి పీల్చినా అంతా అయిపోయిందని వదిలేయకండి. డాక్టరుకి చెప్పి మళ్లీ మొదలుపెట్టండి.

మన దగ్గర రిమ్స్ అని పిలిచే శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవచ్చు. విజయనగరం వాళ్లు అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లొచ్చు. పెద్ద సమస్యలకి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే పిచ్చివాడని ముద్ర పడదు.

ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చాలనుకుంటే రిజిస్ట్రేషన్ చూపించమని అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లని పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, చేరినన్నాళ్లూ ఇంటి మనిషో సహాయకుడో పక్కన ఉండాలి, గొలుసులతో కట్టకూడదు. మీరు వెళ్లిపోండి, మేం చూసుకుంటాం అనే చోట పిల్లాడిని వదలొద్దు.

చట్టం ఏం చెబుతోంది?

సొల్యూషన్, థిన్నర్ గంజాయిలా ఎన్‌డీపీఎస్ చట్టంలోని మాదకద్రవ్యాలు కావు. అవి పనికొచ్చే వస్తువులు కాబట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. అయితే 2012లో కేంద్రం సీసాల్లో వైట్‌నర్, దాని థిన్నర్ చిల్లరగా అమ్మడాన్ని నిషేధించింది. కొద్దిగా మాత్రమే బయటికొచ్చే పెన్నులాంటి వాటిలో, ఆరోగ్య హెచ్చరికతోనే అమ్మాలి. మీ దగ్గరి షాపులో సీసాలు కనిపిస్తే ఈ సంగతి చెప్పండి.

పిల్లలకి మద్యం, పొగాకు, మాదకద్రవ్యాలు ఇచ్చేవాళ్లకి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. మత్తులోకి జారే ప్రమాదంలో ఉన్న పిల్లాడిని ఆ చట్టం నేరస్తుడిగా చూడదు, రక్షణ అవసరమైన బిడ్డగా చూస్తుంది. కాబట్టి సాయం అడిగితే కేసు పెడతారేమో అని భయపడొద్దు.

షాపులు, మస్జిద్ కమిటీలు చేయగలిగింది

షాపు ఉన్నవాళ్లు సొల్యూషన్, థిన్నర్ తాళం ఉన్న పెట్టెలో పెట్టి, రాత్రి లెక్క చూసుకుంటే చాలా తేడా వస్తుంది. చేతిలో ట్యూబో చక్రమో లేకుండా ఒట్టి సొల్యూషన్ కోసం వచ్చిన పిల్లాడికి అమ్మకండి. ఇంట్లో వైట్‌నర్ బదులు కరెక్షన్ టేపు, పిల్లల క్రాఫ్ట్ పనులకి నీళ్లతో కడిగితే పోయే జిగురు కొనండి. ఆస్ట్రేలియాలో మారుమూల పల్లెల్లో పిల్లలు పెట్రోలు పీలుస్తుంటే, 2005 నుంచి మత్తు ఎక్కించని రకం పెట్రోలు తెచ్చారు. ఆ ఊళ్లలో పీల్చేవాళ్లు బాగా తగ్గారు. వస్తువు చేతికి అందకపోతే సగం పని అయినట్టే.

మస్జిద్ కమిటీలు ఏడాదిలో ఒకట్రెండు జుమాల్లో ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పించవచ్చు. ఎవరి ఇంటి పేరూ తీయకుండా, ఫలానా గుర్తులు చూడండి, ఫలానా నంబర్‌కి ఫోన్ చేయండి అని చెబితే చాలు. వినేవాళ్లలో ఒక తండ్రికి అది అవసరమై ఉండొచ్చు. తల్లులకి చెప్పేది మర్చిపోకండి. గుడ్డ పేలిక ముందు కనిపించేది బట్టలు ఉతికే అమ్మీకే.

ఫోన్‌లో దాచుకోవాల్సిన నంబర్లు

- ప్రాణాపాయం ఉంటే: 108
- జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్: 14446
- మానసిక సమస్యలకి టెలి మానస్: 14416
- పిల్లల సాయం కోసం చైల్డ్ హెల్ప్‌లైన్: 1098
- పిల్లలకి మత్తు పదార్థాలు అమ్ముతున్నవాళ్ల సమాచారం ఇవ్వడానికి, ఆంధ్రప్రదేశ్ ఈగల్ విభాగం: 1972